రాత్రి దిగని బీపీ: నిద్ర, రక్తపోటు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల బీపీకి మందులు వాడుతున్నవాళ్ళ కోసం, వాళ్ళ పక్కన పడుకుని గురక వినేవాళ్ళ కోసం రాసిన పేజీ ఇది. మాత్ర మార్చడం, పెంచడం, ఆపడం మీ డాక్టరు గారి పని. ఆయన దగ్గరికి వెళ్ళేలోపు ఏం కొలవాలి, ఏం రాసుకోవాలి, ఏం అడగాలి అన్నవి ఇక్కడ ఉన్నాయి.

నిద్రలో బీపీ ఎంత తగ్గాలి?

పగటి సగటు మీద 10 నుంచి 20 శాతం. పగలు పై సంఖ్య 130 ఉండే మనిషికి నిద్రలో అది 104 నుంచి 117 మధ్యకు దిగాలి. గాఢనిద్రలో గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి, ఒత్తిడి హార్మోన్లు తగ్గుతాయి. కలలొచ్చే దశలో బీపీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. తెల్లవారుజాము నుంచి మళ్ళీ ఎక్కడం మొదలవుతుంది.

కొందరికి ఆ 10 శాతం కూడా దిగదు. ఇంకొందరికి పగటికంటే రాత్రే ఎక్కువుంటుంది. గుండెపోటు, పక్షవాతం ముప్పును అంచనా వేయడానికి క్లినిక్‌లో చూసిన బీపీ కంటే రాత్రి బీపీయే ఎక్కువ పనికొస్తుంది. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ లొంగనివాళ్ళు నాలుగోది అడిగే ముందు తమ రాత్రి ఎలా గడుస్తోందో చూసుకోవాలి. దిగకపోవడానికి కారణం నిద్ర ఒక్కటే కాకపోవచ్చు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, కిడ్నీలు చెడినా, ఉప్పు ఎక్కువైనా ఇదే జరుగుతుంది.

క్లినిక్‌లో బాగానే ఉంటోంది. రాత్రి ఎక్కువగా ఉందని ఎలా తెలుస్తుంది?

నమ్మకమైన దారి 24 గంటల బీపీ పరీక్ష. దీన్ని ఆంబులేటరీ బీపీ అంటారు. గుండె డాక్టర్లుండే పెద్ద ఆసుపత్రుల్లో అడగండి. చేతికి పట్టా, నడుముకి చిన్న మిషన్ కట్టి పంపుతారు. పగలు 20, 30 నిమిషాలకోసారి, రాత్రి 30 నుంచి 60 నిమిషాలకోసారి అదే కొలుచుకుంటుంది. సగటు 24 గంటలకు 130/80, మేలుకున్న వేళలకు 135/85, నిద్రవేళలకు 120/70. వీటిలో ఏది దాటినా ఎక్కువున్నట్టే.

ఈ పరీక్ష సాధారణంగా రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, పట్టా బిగుసుకునేటప్పుడు చెయ్యి కదిలిస్తే ఆ రీడింగ్ పోతుంది. బిగుసుకోవడం మొదలవగానే చెయ్యి కిందికి వదిలేసి కదలకుండా ఉండాలి. బండి నడుపుతుంటే పక్కకు ఆపండి. రెండు, ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో రాయకపోతే మిషన్ తనలో ముందే పెట్టిన వేళలనే రాత్రి అనుకుంటుంది. మీరు ఒంటి గంట దాకా టీవీ చూసినా దాని లెక్కలో అది నిద్రే, రిపోర్టులో ‘దిగలేదు’ అని వస్తుంది. మధ్యాహ్నం కునుకు తీస్తే అదీ రాయండి. పట్టా బిగుతుకు రాత్రంతా మెలకువగానే ఉంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి, ఆ రాత్రి అంకెలను పూర్తిగా నమ్మకూడదు.

చేతి గడియారాల్లో వచ్చే బీపీని బట్టి మందులు మార్చుకోకండి.

ఆ పరీక్ష కుదరకపోతే?

ఇంట్లో ఏడు రోజులు పొద్దున రెండుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు రెండుసార్లు కొలవండి. పొద్దున కొలత లేచిన గంటలోపు, మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీకీ మాత్రకీ ముందు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా 5 నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, పట్టా గుండె ఎత్తున ఉండాలి. మొదటి రీడింగ్‌కీ రెండోదానికీ మధ్య ఒక నిమిషం. మొదటి రోజు అంకెలు తీసేసి మిగతా ఆరు రోజులకు సగటు కట్టండి. 135/85 దాటితే ఎక్కువ.

చాలా ఇళ్ళలో తప్పు పట్టా దగ్గరే జరుగుతుంది. మిషన్‌తో వచ్చేది సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకు సరిపోతుంది. భుజానికీ మోచేతికీ మధ్యలో టేపుతో కొలిచి, 32 దాటితే పెద్ద పట్టా విడిగా కొనండి. లావు చేతికి చిన్న పట్టా కడితే లేని బీపీ చూపిస్తుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి గట్టిగా ఇరికించినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా, కొలుస్తూ వంటింట్లోకి కేకేసినా అంకె తప్పు వస్తుంది.

పడుకోబోయే ముందు బాగానే ఉండి పొద్దున లేవగానే ఎక్కువుంటే నిద్రను అనుమానించాలి. వేసుకున్న మాత్ర 24 గంటలు పనిచేయకపోయినా అలాగే కనిపిస్తుంది. అందుకే మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో అదే కాగితం మీద రాయండి.

మా ఆయన గురక పెడతారు. మధ్యలో గురక ఆగి, ఒక్కసారిగా ఎగశ్వాసతో లేస్తారు. దానికీ బీపీకీ సంబంధం ఉందా?

ఉంది. ఈ పేజీలో మిగతావన్నీ వదిలేసినా ఇది వదలకండి. మీరు చెప్పింది స్లీప్ ఆప్నియాకు సరిపోయే లక్షణం. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. ఛాతీ ఊపిరి కోసం లాగుతూనే ఉంటుంది కానీ గాలి లోపలికి వెళ్ళదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ప్రమాదం పసిగట్టి క్షణంపాటు మేల్కొలుపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, ఆ క్షణంలో బీపీ ఎగబాకుతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. పొద్దున లేచాక ఆయనకు ఇవేవీ గుర్తుండవు. ‘హాయిగా పడుకున్నాను’ అనే అంటారు, అందుకే పక్కన పడుకున్న మనిషి సాక్ష్యం ఇక్కడ ముఖ్యం.

ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగినా, బాగా తగ్గినా ఒకటిగా లెక్కిస్తారు. గంటకు 5 నుంచి 15 వస్తే తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకోసారి. ఇలా రాత్రంతా తన్నుకున్న ఒత్తిడి హార్మోన్లు పగలు కూడా తగ్గవు, కాబట్టి పగటి బీపీ కూడా పెరుగుతుంది. మూడు రకాల మందులకీ లొంగని బీపీ ఉన్నవాళ్ళలో ఈ జబ్బు చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంట్లోనే ఎనిమిది ప్రశ్నలతో అంచనా వేయొచ్చు, ఒక్కోదానికి ఒక మార్కు. తలుపు వేసినా వినపడేంత గురకా? పగలు అలసట, నిద్రమత్తా? ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? 3 లేదా 4 వస్తే అనుమానం, 5 లేదా అంతకు మించి వస్తే గట్టి అనుమానం. మనవాళ్ళకు అంతకంటే తక్కువ బరువుకే ఈ జబ్బు వస్తుంది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 82 కిలోలుంటే బీఎంఐ 30 అవుతుంది. బరువు మార్కు రాలేదని నిశ్చింతగా ఉండకండి.

ఆడవాళ్ళకు ఈ ప్రశ్నలు అంతగా సరిపోవు. నెలసరి ఆగిపోయాక వాళ్ళలోనూ ఆప్నియా పెరుగుతుంది కానీ గురక కంటే నిద్ర పట్టకపోవడం, పొద్దున తలనొప్పి, నీరసం అని చెబుతారు. అవి విని రక్తహీనత అనో బెంగ అనో సరిపెట్టేస్తుంటారు.

ఏ డాక్టరుకి చూపించాలి? పరీక్ష ఎలా చేస్తారు?

ఊపిరితిత్తుల డాక్టరు, లేదా చెవి ముక్కు గొంతు డాక్టరు. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు తరంగాలు, ఊపిరి, గుండె, ఆక్సిజన్, కాళ్ళ కదలిక అన్నీ నమోదు చేసేది పూర్తి పరీక్ష. ఇంటికిచ్చే చిన్న మిషన్ కూడా ఉంది: ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. ఇందులో ఒక లోపం ఉంది. మిషన్ పెట్టుకుని మేలుకున్న గంటలు కూడా లెక్కలో కలిసిపోతాయి కాబట్టి జబ్బు ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. లక్షణాలు గట్టిగా ఉండి ఇంటి పరీక్ష మామూలుగా వస్తే పూర్తి పరీక్ష అడగండి. రోజూ వేసుకునే మందులు ఆ రాత్రి మానకండి.

పరీక్షకు ముందే సెల్‌ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీసి చూపించండి, ముఖం, ఛాతీ కనపడేలా, గురక వినపడేలా. డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

సీపాప్ పెట్టుకుంటే బీపీ మాత్రలు తగ్గుతాయా?

సీపాప్ మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా ఉంచుతుంది. బీపీ సగటున 2, 3 ఎంఎం మాత్రమే తగ్గుతుంది. లొంగని బీపీ ఉన్నవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ. అది కూడా రోజూ రాత్రి కనీసం 4 గంటలకు పైగా పెట్టుకుంటేనే. మాత్రలు మానేయొచ్చని ఎవరైనా చెప్పి అమ్మితే నమ్మకండి. పగటి నిద్రమత్తు పోవడం మాత్రం చాలామందికి తొందరగా తెలుస్తుంది. లారీ, బస్సు నడిపేవాళ్ళకు అది ఒక్కటే చాలు.

కొనే ముందు అద్దెకు తీసుకుని కొన్నాళ్ళు వాడి చూడటం మంచిది, ఎందుకంటే చాలా మిషన్లు మాస్కు కుదరక అటక ఎక్కుతాయి. పొద్దున నోరు ఎండిపోతుంటే నోటినుంచి గాలి పోతున్నట్టు, ముక్కూ నోరూ కప్పే మాస్కు కావాలి. కళ్ళు మండుతుంటే ముక్కు పైభాగంలో లీకు. పట్టీలు లాగి బిగించడం కాదు, పడుకుని మిషన్ నడుస్తుండగా సర్దాలి. మాస్కు రోజూ సబ్బునీళ్ళతో కడగాలి, ముఖం జిడ్డు వల్లే చాలా లీకులు. తేమ డబ్బాలో బోరు నీళ్ళు పోస్తే కొద్దిరోజుల్లో తెల్లటి పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కరెంటు పోతే? తేమ హీటరు ఆపేస్తే చాలా మిషన్లు 30 నుంచి 60 వాట్లతో నడుస్తాయి, ఇంట్లో ఇన్వర్టరు సరిపోతుంది.

తక్కువ స్థాయి ఆప్నియాకు పక్కకి తిరిగి పడుకోవడం కూడా పనిచేస్తుంది. బనియను వీపు వైపు జేబు కుట్టించి టెన్నిస్ బంతి పెట్టండి, వెల్లకిలా తిరిగితే గుచ్చుకుంటుంది. బరువు 10 శాతం తగ్గితే ఊపిరి ఆగే సంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. 82 కిలోల మనిషికి అది 8 కిలోలు. రీల్స్‌లో చూసి నోటికి టేపు అంటించుకోవడం మాత్రం వద్దు.

గురక లేదు. కానీ ఏళ్ళ తరబడి ఐదు గంటలే నిద్ర. అలవాటైపోయింది కదా?

మీకు అలవాటైంది, రక్తనాళాలకు కాదు. పెద్దవాళ్ళకు 7 నుంచి 9 గంటలు కావాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె ఆరోగ్య సూత్రాల్లో నిద్రను ఎనిమిదోదిగా చేర్చింది. ఆరు గంటలకు తక్కువ పడుకునేవాళ్ళలో బీపీ ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి కారణం కొంత లెక్కే. బీపీ తక్కువగా ఉండాల్సిన గంటలు తగ్గితే రోజు సగటు పెరుగుతుంది. పైగా ఒత్తిడి హార్మోన్లు దిగవు, కిడ్నీ ఉప్పును పట్టి ఉంచుతుంది. ముక్కలు ముక్కలైన ఎనిమిది గంటల నిద్ర కూడా ఆరోగ్యకరం కాదు. ఆదివారం పన్నెండు గంటలు పడుకుని వారం బాకీ తీర్చేయాలని చూస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం మళ్ళీ మొదటికే.

పడుకుంటాను, కానీ నిద్ర పట్టదు. అల్ప్రాజోలం వేసుకోవచ్చా?

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోకండి. అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. అలవాటవుతుంది, ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడి బీపీ, గుండె వేగం పెరుగుతాయి. ఆప్నియా ఉన్నవాళ్ళకు గొంతు కండరాలను మరింత సడలిస్తుంది. పెద్దవయసు వాళ్ళు రాత్రి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం వేరే. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాల నిద్రలేమి అంటారు. దానికి మొదటి వైద్యం మాత్ర కాదు, అలవాట్లను మార్చే పద్ధతి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది: పడక మీద గడిపే సమయం తగ్గించాలి. రాత్రి తొమ్మిదికి పడుకుని ఆరున్నరకు లేస్తూ, అందులో ఆరు గంటలే నిద్రపోతున్నారనుకోండి. రెండు వారాలు పదకొండున్నర నుంచి ఐదున్నర దాకా మాత్రమే పడక ఎక్కండి. లేచే వేళ ఆదివారం కూడా మారకూడదు. పడక మీదున్న సమయంలో 85 శాతం నిద్ర పడుతుంటే పడుకునే వేళను వారానికి 15 నిమిషాలు ముందుకు జరపండి. ఐదు గంటలకంటే తగ్గించకండి. పడుకున్న 20 నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో, తక్కువ వెలుతురులో కూర్చుని, కునికిపాట్లు వచ్చాక వెళ్ళండి. గడియారం చూడొద్దు. మొదటి వారం పగలు మత్తుగా ఉంటుంది కాబట్టి వాహనాలు నడిపేవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరు లేకుండా ఇది మొదలుపెట్టకూడదు.

పడుకోగానే కాళ్ళల్లో చెప్పలేని జివ్వుమనే ఇబ్బంది, కదిలిస్తే గానీ తగ్గకపోవడం ఉంటే అది వేరే సమస్య. ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి.

రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తాను. ఇది బీపీ వల్లా, షుగర్ వల్లా?

రెండూ కావచ్చు, ప్రొస్టేటూ కావచ్చు. కానీ చాలామంది ఊహించని కారణాలు రెండున్నాయి. ఆప్నియాలో ఛాతీ లోపలి ఒత్తిడి మారి గుండె గదులు సాగుతాయి, మూత్రం ఎక్కువ తయారయ్యే హార్మోన్ వస్తుంది. రెండోది ఉప్పు. పగలు బయటికి పంపలేకపోయిన ఉప్పును కిడ్నీ రాత్రి పంపుతుంది, అందుకు ఒత్తిడి కావాలి కాబట్టి బీపీ దిగదు. సాయంత్రానికి కాళ్ళు వాచేవాళ్ళకు పడుకోగానే ఆ నీరు పైకి చేరి కొంత మూత్రంగా, కొంత మెడ దగ్గర వాపుగా మారి గురక పెంచుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత ఒక గంట కాళ్ళు ఎత్తుమీద పెట్టుకుంటే ఆ నీరు పడుకునేలోపే పోతుంది.

నీటి మాత్ర రాత్రి వేసుకుంటున్నారేమో చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్, ఫ్యూరోసమైడ్ ఈ రకం. పేరు చివర ‘హెచ్’ ఉండే టెల్మిసార్టాన్ మాత్రల్లో సాధారణంగా ఈ మందు కలిసే ఉంటుంది. దాన్ని పొద్దుటికి మార్చమని డాక్టరుని అడగండి.

అయితే బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా?

రాత్రి వేసుకుంటే గుండెకు చాలా మేలని 2019లో ఒక స్పెయిన్ పరిశోధన చెప్పింది, దాని మీద గట్టి సందేహాలొచ్చాయి. తర్వాత బ్రిటన్‌లో 21 వేలమందికి పైగా పాల్గొన్న ‘టైమ్’ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. పొద్దునకీ రాత్రికీ గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా కనపడలేదు. మరిచిపోకుండా రోజూ ఒకే వేళకు వేసుకోగలిగిన సమయమే మీ సమయం. 24 గంటల పరీక్షలో రాత్రి బీపీ ఎక్కువున్నవాళ్ళకు డాక్టరు ప్రత్యేకంగా మార్చవచ్చు.

మందులే నిద్రను, బీపీని చెడగొడతాయా?

కొన్ని చెడగొడతాయి. ఎనాలప్రిల్, రామిప్రిల్ కొందరికి పొడి దగ్గు తెస్తాయి, పడుకుంటే ఎక్కువవుతుంది. దగ్గు మందు తాగడం కాదు, మాత్ర మార్పించాలి. ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ కొందరికి పీడకలలు, మెలకువ తెస్తాయి. ఆమ్లోడిపిన్ వల్ల కాళ్ళ వాపు రావచ్చు.

అసలు గమనించాల్సింది బీపీ కోసం కాక వేరేవాటికి వాడేవి. మోకాళ్ళ నొప్పులకు రోజూ వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బీపీ పెంచుతాయి. జలుబు మాత్రల్లోని ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ బీపీని పెంచి నిద్రను కూడా చెడగొడతాయి. ఆయాసానికని, నొప్పులకని ఊళ్ళో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలూ అంతే. గొంతుకు మంచిదని అతిమధురం చప్పరించే అలవాటుంటే మానండి, అది పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల సంచీ మొత్తం పట్టుకెళ్ళండి.

నైట్ డ్యూటీ వాళ్ళు ఏం చేయాలి?

మిర్చి సీజన్లో రాత్రిళ్ళు సరుకు దించే గుంటూరు యార్డు హమాలీలు, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ షిఫ్టు ఉద్యోగులు, విజయవాడ జంక్షన్ రైల్వే సిబ్బంది, ఆటోనగర్ లారీ డ్రైవర్లు, ఆసుపత్రి నర్సులు. వీళ్ళందరికీ పొద్దున పది గంటలకు పడుకోమంటే వినడానికి తేలిక. శరీరం గడియారం పగటికి కట్టుబడి ఉంటుంది, అందుకే పగటి నిద్రలో బీపీ రాత్రి నిద్రలో దిగినంతగా దిగకపోవచ్చు.

కుదిరినంతలో ఇవి చేయండి. ఇంటికొచ్చేటప్పుడు ఎండ కళ్ళలో పడకుండా నల్ల కళ్ళద్దాలు. రాగానే తేలిగ్గా తిని గంటలోపు పడుకోవడం, కిటికీలకు మందపాటి తెర. కనీసం నాలుగు గంటల నిద్ర డ్యూటీ రోజైనా, సెలవు రోజైనా ఒకే వేళల్లో ఉండేలా చూసుకోండి. డ్యూటీకి వెళ్ళేముందు గంటన్నర కునుకు. టీ, కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే. మాత్రకు రెండు రకాల రోజుల్లోనూ మేలుకుని ఉండే వేళ, ఉదాహరణకు సాయంత్రం ఆరు, డాక్టరుతో మాట్లాడి ఖాయం చేసుకోండి. నైట్ డ్యూటీ వారాల్లో మాత్రలు మరిచిపోవడమే బీపీ పెరగడానికి కారణం కావడం మామూలే. పొద్దున బండి నడుపుతూ కళ్ళు మూతలు పడితే ఆపి 20 నిమిషాలు పడుకోండి.

ఎండాకాలం ఉక్కపోతకు నిద్రే ఉండదు. బీపీ మాత్రం తగ్గుతోంది. మాత్ర తగ్గించుకోవచ్చా?

వేడికి రక్తనాళాలు వెడల్పై పగటి బీపీ కొంత తగ్గడం నిజమే. రాత్రి నిద్ర చెడినవాళ్ళకు మాత్రం రాత్రి బీపీ అలా తగ్గదు. పగటి అంకె చూసి మాత్ర తగ్గిస్తే రాత్రి వేళ రక్షణ పోతుంది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే కూర్చుని ఒకసారి, నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు కొలవండి. పై సంఖ్య 20, లేదా కింది సంఖ్య 10 పడిపోతే ఆ అంకెలతో డాక్టరుకి ఫోన్ చేయండి. రోహిణి కార్తెలో నీటి మాత్ర వేసుకుంటూ చెమటలు కక్కేవాళ్ళకు ఇది తరచూ జరుగుతుంది.

పడకగది సంగతి. కిటికీ తెరిస్తే దోమలు, హైవే రోడ్డు హారన్లు. మూస్తే ఉక్క. మెలకువ రాకపోయినా శబ్దానికి నిద్రలో బీపీ ఎగురుతుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రోడ్డు వైపు గది వదిలి వెనక గదిలో దోమతెర కట్టుకోవడం ఖర్చులేని మార్గం. ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేయండి. తడి గోనెపట్టాలు గాలిలో తేమ ఎక్కువున్న రాత్రుల్లో పనిచేయవు, ఉక్క ఇంకా పెరుగుతుంది.

మధ్యాహ్నం నడుం వాల్చడం మంచిదా?

మూడు గంటల లోపు, 20 నుంచి 30 నిమిషాలు అయితే ఇబ్బంది లేదు. రాత్రి నిద్ర పట్టనివాళ్ళు అదీ మానాలి. రాత్రంతా పడుకుని కూడా మధ్యాహ్నం రెండు గంటలు నిద్ర ముంచుకొస్తుంటే ఆప్నియా పరీక్ష గుర్తుకు రావాలి.

తిండి మాటేమిటి? పచ్చడి పూర్తిగా మానాలా?

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే అన్నిటికీ కలిపి ఒక చిన్న చెంచా. ఆవకాయ తూకంలో సుమారు పదో వంతు ఉప్పే. 15 గ్రాముల పచ్చడిలో ఒకటిన్నర గ్రాము పోయినట్టు. గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, మజ్జిగలో వేసే ఉప్పు కలిపితే కూర తినకముందే కోటా అయిపోతుంది. మానలేనివాళ్ళు మధ్యాహ్నం ఒక్కపూటకి, అర చెంచాకి పరిమితం చేసి, ఆ పూట పప్పులో ఉప్పు తగ్గించండి. రాత్రి మాత్రం వద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్ లాంటి మందులు వాడేవాళ్ళు ‘తక్కువ సోడియం ఉప్పు’ను అడగకుండా వాడకూడదు, అందులో పొటాషియం ఉంటుంది.

రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటల ఎడం ఉండాలి. గుంటూరు కారం తిని పదింటికి పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నుతుంది, దానికే సగం మెలకువలు. సాయంత్రం ఐదింటికి తాగిన ఫిల్టర్ కాఫీలోని కెఫీన్ రాత్రి పదింటికి దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుంది, నిజమే. గొంతు సడలి గురక పెరుగుతుంది, అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తుంది, పొద్దునకి బీపీ ఎక్కుతుంది. ఖైనీ, గుట్కా, సిగరెట్టు అన్నిట్లోనూ ఉన్నది నిద్ర పట్టనివ్వని నికోటినే.

మా అమ్మాయి ఏడో నెల గర్భిణి. ఈమధ్యే గురక మొదలైంది. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా వచ్చే గురకకూ బీపీ పెరగడానికీ సంబంధం ఉంది. ప్రతి చెకప్‌లో బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపించండి. పక్కకి తిరిగి పడుకోమనండి. 140/90 దాటినా, విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అర్ధరాత్రి మెలకువ వచ్చి కొలిస్తే 180/110 ఉంది. ఏం చేయాలి?

ముందు లక్షణాలు చూడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, చూపు పోవడం. వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి, మళ్ళీ కొలుస్తూ కూర్చోవద్దు. ఏమీ లేకపోతే మూత్రానికి వెళ్ళొచ్చి 5 నిమిషాలు కూర్చుని కొలవండి. భయంతో లేచి కొట్టుకుంటున్న గుండెతో కొలిచిన అంకె ఎక్కువే వస్తుంది. రెండోసారి కూడా అలాగే ఉండి లక్షణాలు లేకపోతే పొద్దునే డాక్టరుని కలవండి. నాలుక కింద నిఫెడిపిన్ వేయడం, మాత్ర డబుల్ చేయడం వద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోయి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

నిద్ర బాగుపడి అంకెలు దిగాయి. మాత్రలు ఆపేయొచ్చా?

మీరుగా ఆపొద్దు. మెటొప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి ఒక్కసారిగా మానితే బీపీ ముందుకంటే పైకి ఎగదన్నుతుంది. ఇంటి కొలతల కాగితం, వీలైతే కొత్తగా తీసిన 24 గంటల రిపోర్టు తీసుకుని వెళ్ళండి. తగ్గించాలనుకుంటే డాక్టరు ఒక్కో మందునే తగ్గిస్తారు. రెండు నుంచి నాలుగు వారాలు ఇంట్లో కొలిచి చూపించాకే రెండోదాని జోలికి వెళతారు. తూకం పెరిగినా, సీపాప్ అటక ఎక్కినా, కిందటి డోసు మళ్ళీ అవసరమవుతుంది కాబట్టి పాత చీటీ పారేయకండి.